సున్నా మందికి వంట

ఈ విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలకు ఆకలి నెట్‌వర్క్ ద్వారా వేస్తుందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇంతకు ముందు అది నేరుగా కడుపులోనే వేసేది. ఎవరికి ఎంత వేసిందో పై అధికారులకు తెలిసే మార్గం ఉండేది కాదు. ఈ లోపాన్ని గుర్తించి సంబంధిత శాఖ "గగన విద్యా జాలం" అనే పథకాన్ని ప్రవేశపెట్టింది.

పథకం చాలా సులువు. ప్రతి బడికీ ఒక వైఫై యంత్రం, ఒక ట్యాబ్ ఇస్తారు. ఉదయం పది నుంచి పదిన్నర లోపల టీచరు ఆ ట్యాబ్‌తో ప్రతి పిల్ల ముఖాన్నీ ఫొటో తీయాలి. ముఖం వైఫై మీదుగా పై కార్యాలయానికి వెళ్లి, అక్కడ గుర్తింపు పొంది, అంకెగా మారి తిరిగి వస్తుంది. ఆ అంకె ఎంతో అంతమందికి మధ్యాహ్న భోజనం వండాలి. అంకెకు మించి వండితే అది అనధికార వంట. పేద పిల్లలకు పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునే భారం కూడా ఉండకూడదని, ఈ వైఫైకి పాస్‌వర్డ్ పెట్టలేదు. ఎవరైనా, ఎప్పుడైనా, ఉచితంగా వాడుకోవచ్చు. ఇంత దయగల పథకం ఈ మధ్య కాలంలో రాలేదు.

మా అపార్ట్‌మెంట్ పక్కనే అలాంటి బడి ఒకటి ఉంది. పేరు రాళ్లకుంట ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. హైటెక్ సిటీలో ఇరవై నాలుగు అంతస్తుల అద్దాల ఆఫీసు ఒకవైపు, మా మూడు వందల నలభై ఫ్లాట్ల "హరిత శిఖర" మరోవైపు. మధ్యలో మూడు గదులు, ఒక వేప చెట్టు, వంటకు ఒక రేకుల షెడ్డు. ఫ్లాట్లు అమ్మేటప్పుడు మా బిల్డరు ఈ బడిని బ్రోచర్‌లో "తూర్పు వైపు విశాలమైన ఖాళీ" అని వేశాడు. ఆ ఖాళీలో నూట పన్నెండు మంది పిల్లలు చదువుతున్నారు. వాళ్ల నాన్నలు ఆ అద్దాల ఆఫీసుకు కాపలా కాస్తారు, మా కార్లు నడుపుతారు. అమ్మలు మా వంటింట్లో గిన్నెలు తోముతారు. అంటే ఆ బడికీ మాకూ వైర్లు లేని సంబంధం ఎప్పటినుంచో ఉంది.

బడి హెడ్మాస్టరమ్మ శ్రీలత. నిజాంపేట నుంచి రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉంది. ఆ ఏడాదిన్నరా ఎవరికీ కనబడకుండా గడిపేస్తే చాలని ఆమె ఆశ. వంట చేసేది కొమురమ్మ. జనగామ వైపు నుంచి పదేళ్ల కిందట మేస్త్రీ పనికి వచ్చిన మొగుడి వెంట వచ్చింది. ఆమెకు బతుకులో ఆశలు తక్కువ. పన్నెండున్నరకు గంట కొడితే నూట పన్నెండు పళ్లాలు నిండాలి, అంతే.

జూన్ చివర ఇద్దరు ఇంజనీర్లు యంత్రాన్ని తీసుకొచ్చారు. వాళ్ల దగ్గర ప్రశ్నల కాగితం ఒకటి ఉంది. అందులో నాలుగో ప్రశ్న: యంత్రం నిరంతరం తాళం కింద ఉండునట్లు అమర్చబడినదా? ఇంజనీర్లు బడంతా తిరిగారు. మొదటి గదికి తలుపు ఉంది, గడియ లేదు. రెండో గదికి గడియ ఉంది, తలుపు లేదు. మూడో గదికి రెండూ ఉన్నాయి గానీ పక్క గోడ సగమే ఉంది. బడి మొత్తం మీద తాళం పడేది ఒక్కటే, మొదటి గదిలో హెడ్మాస్టరమ్మ ఆఫీసు మూలన ఉన్న ఆకుపచ్చ ఇనుప బీరువా. 

యంత్రాన్ని బీరువాలో పెట్టడమే సబబని శ్రీలతకు కూడా అనిపించింది. చాలా ఏళ్ల కిందట ఇంకో బడిలో పనిచేస్తున్నప్పుడు పిల్లల కోసం ఇచ్చిన రంగుల టీవీ వచ్చిన మూడో రోజే పోయింది. ఆ టీవీలో పిల్లలు ఒక్క పాఠమూ చూడలేదు గానీ, ఆమె మాత్రం మూడేళ్లు విచారణ చూసింది. అప్పటినుంచి బడికి వచ్చిన ప్రతి మంచి వస్తువునూ ఆమె బీరువాలోనే పెడుతోంది. గ్లోబు, వాలీబాల్, సైన్సు కిట్టు, రెండు రంగుల సుద్దముక్కల డబ్బాలు అందులో కొత్తవి కొత్తగానే ఉన్నాయి.

ఇంజనీర్లు బీరువా వెనక చిల్లు కొట్టి వైరు దూర్చారు. యంత్రాన్ని గ్లోబుకూ వాలీబాల్‌కూ మధ్య బిగించారు. పచ్చ దీపాలు వెలిగాయి. ఫొటో తీసుకున్నారు. బీరువా తెరిచి ఉంచినా, ఫొటోలో ఉన్న చోటు నుంచి యంత్రాన్ని కదిలించినా హెడ్మాస్టరే బాధ్యులన్న కాగితం మీద శ్రీలత సంతకం తీసుకున్నారు. బీరువాకు తాళం వేసి, తాళంచెవి ఆమె చేతికిచ్చి, పని పూర్తయిందని రాసుకుని వెళ్లిపోయారు.

ఆ రోజు నుంచి బీరువా లోపల వైఫై అద్భుతంగా పనిచేసింది. గ్లోబుకూ వాలీబాల్‌కూ సిగ్నల్ పూర్తిగా అందింది. బీరువా బయట మాత్రం ఏమీ లేదు. ఇనుము చాలా మంచి ఇనుము, పాత కాలపుది. పోనీ శ్రీలత సొంత ఫోను మీద ముఖాలు పంపిద్దామంటే, ఉదయం పదింటికి చుట్టూ ఉన్న ఆఫీసుల్లోకి వేల మంది దిగి ఒకేసారి ఫోన్లు తీస్తారు. ఆ వేళకు ఆమె ఫోన్‌లో మిగిలేది ఒక గీత. ఒక గీత మీద ఒక ముఖం కూడా నడవలేకపోయింది.

పథకం మొదలైన రోజు పిల్లలందరూ వచ్చారు. పదిన్నరకు ట్యాబ్‌లో సున్నా అని వచ్చింది.

శ్రీలత షెడ్డు దాకా వెళ్లి ఆ అంకెను కొమురమ్మకు చూపించింది. కొమురమ్మ ట్యాబ్ వంక చూసింది, ఆవరణలో పరుగెత్తుతున్న పిల్లల వంక చూసింది. చేతిలో బియ్యం చేట అలాగే ఉంది.

"సున్నా మందికి ఎన్ని బియ్యం పొయ్యాలె టీచరమ్మా?" అంది.

శాఖ పంపిన నలభై పేజీల మార్గదర్శకాల్లో దీనికి జవాబు లేదు. శ్రీలత అరగంట వెతికి, ఏడాదికొకసారి వంట పాత్రలను పరీక్షించవచ్చునన్న ఒక నిబంధనను పట్టుకుంది. ఆ రోజు రాళ్లకుంట బడిలో పాత్రల పరీక్ష జరిగింది. పాత్రలు నూట పన్నెండు మందికి సరిపడా అన్నం, పప్పు వండగలవని తేలింది. పరీక్షించిన పదార్థాన్ని పిల్లలు తిని సహకరించారు. అయితే ఆ నిబంధన ఏడాదికి ఒక్కసారే పనికొస్తుంది. రేపటి సంగతి ఏమిటో ఇద్దరికీ తెలియలేదు.

రేపటి సంగతి నర్సయ్య చూసుకున్నాడు. అద్దాల ఆఫీసు వెనక గేటు దగ్గర కాపలా కాసే మనిషి. మనవరాలు ఇదే బడిలో నాలుగో తరగతి. వాళ్ల ఆఫీసుకు వచ్చే అతిథుల కోసం వేరే వైఫై ఉందని, దాని పాస్‌వర్డ్ ప్రతి సోమవారం మార్చి రిసెప్షన్‌లో చిన్న కార్డు మీద పెడతారని, ఆ వైఫై బడి తూర్పు గోడ దాటి ఒక అడుగు దాకా వస్తుందని అతనికి తెలుసు. కార్డును టోపీలో పెట్టుకుని వచ్చాడు.

"గా గోడకు ఆనుకొని నిలవెట్టుండ్రి పిల్లల్ని. అడుగు ఇటు జరిగిన్రంటే ఇగ రాదు," అన్నాడు.

"మీ ఆఫీసోళ్లకు తెలిస్తే నీ నౌకరి ఉంటదా నర్సన్నా?" అని కొమురమ్మ అడిగింది.

"మేం అతిథులమే గదనే. గోడకు ఇవతల ఉన్నం, గంతే ఫరక్," అన్నాడు నర్సయ్య.

అలా రాళ్లకుంట బడిలో కొత్త ప్రార్థన మొదలైంది. ఉదయం పదింటికి పిల్లలు తూర్పు గోడ వెంట బారుగా నిలబడి, అద్దాల ఆఫీసు వైపు ముఖాలు ఎత్తేవారు. శ్రీలత ఒక్కొక్కరి ముందు ట్యాబ్ పట్టుకుని నడిచేది. ముఖం వెళ్లిన పిల్ల గెంతుకుంటూ పోయి పళ్లెం కడుక్కునేది. వెళ్లని పిల్ల ముఖం తుడుచుకుని మళ్లీ నిలబడేది. మా బాల్కనీల నుంచి చూస్తే ఆ దృశ్యం చాలా క్రమశిక్షణగా ఉండేది. మాలో కొందరు కాఫీ తాగుతూ వీడియో కూడా తీశారు.

నెల తిరిగేసరికి రాళ్లకుంట బడి నూటికి నూరు శాతం హాజరుతో మొదటి స్థానంలో నిలిచింది. చాలా బడుల్లో యంత్రం బీరువాలోనే ఉంది గానీ, వాటి పక్కన అద్దాల ఆఫీసు లేదు. ఈ చిన్న తేడాను నివేదిక పట్టించుకోలేదు. పథకం పర్యవేక్షకులు శ్రీనివాసులు గారు స్వయంగా వచ్చి బీరువా తెరిపించి, పచ్చ దీపాలు చూసి, తృప్తిపడి మళ్లీ తాళం వేయించారు. నాలుగో తరగతిలోకి వెళ్లి ఇంటర్నెట్ ఎందుకు ఉపయోగపడుతుందని అడిగారు. నర్సయ్య మనవరాలు లేచి, "అన్నానికి సార్," అంది. సాంకేతికతను విద్యార్థులు నిత్యజీవితంతో చక్కగా అన్వయించుకుంటున్నారని శ్రీనివాసులు గారు రాసుకున్నారు.

బడికి "ఆదర్శ అంతర్జాల పాఠశాల" పురస్కారం వచ్చింది. సభ పెట్టారు. వేదికను తూర్పు గోడను ఆనుకుని వేయించమని శ్రీలత చేతులు జోడించి బతిమాలింది. నీడ కోసమనుకుని వాళ్లు ఒప్పుకున్నారు. ముఖ్య అతిథి ట్యాబ్ ఎత్తగానే ఒక పిల్ల ముఖం రెండు సెకన్లలో పైకి వెళ్లింది. చప్పట్లు మోగాయి. శ్రీనివాసులు గారు మైకు అందుకున్నారు.

"ఒకప్పుడు బిడ్డ బడికి వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే బిడ్డ వైపు చూడాల్సి వచ్చేదండి. ఎంత వెనకబాటుతనం అండి! ఇవాళ నేను నా కుర్చీలోంచి లేవకుండా, ఒక్క బిడ్డను కూడా చూడకుండా, అందరినీ చూస్తున్నానండి."

షెడ్డు దగ్గర నిలబడి విన్న కొమురమ్మ, ఈ సారు ఎప్పుడైనా వాళ్లు తినేటప్పుడు చూస్తే బాగుండునని పక్కనున్న ఆయాతో అందట. అది సభా కార్యక్రమంలో లేదు కాబట్టి నమోదు కాలేదు.

పురస్కారం వార్త మరునాడు పేపర్లో వచ్చింది. వార్తతో పాటు ఫొటో వచ్చింది. ఫొటోలో పిల్లలు గోడ వెంట నిలబడి ఉన్నారు, గోడ అవతల అద్దాల ఆఫీసు వాళ్ల బోర్డు సగం కనబడుతోంది. ఆ ఆఫీసులో భద్రత చూసే ఒక మేనేజరుకు అప్పుడు వెలిగింది. రోజూ పది గంటలకు తమ అతిథుల వైఫై మీద నూట పన్నెండు ముఖాలు ఎందుకు ప్రయాణం చేస్తున్నాయో రెండు నెలలుగా ఆయనకు అర్థం కాలేదు. ఏ దేశపు కుట్రోనని ఒక కమిటీ కూడా వేశారు. కుట్ర ప్రాథమిక పాఠశాలదని తెలిసి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తరవాత పాస్‌వర్డును కార్డు మీద పెట్టడం మానేశారు. నర్సయ్యను చందానగర్‌లో ఉన్న ఇంకో భవనానికి బదిలీ చేశారు.

ఆ సోమవారం గుడ్డు రోజు. ట్యాబ్‌లో సున్నా వచ్చింది. పాత్రల పరీక్ష ఇదివరకే అయిపోయింది. పన్నెండున్నరకు గంట కొట్టారు, ఎందుకంటే గంట కొట్టడానికి నెట్‌వర్క్ అక్కర్లేదు. పిల్లలు పళ్లాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. కొమురమ్మ ఒక్కొక్కరికీ గ్లాసు నీళ్లు పోసింది. మంగళవారం అరవై మందే వచ్చారు. మిగిలిన వాళ్లను తల్లులు తమతో పాటు పనికి తీసుకుపోయారు, అక్కడైతే ఎవరో ఒకరు ఏదో ఒకటి పెడతారని. మా ఇంట్లో కూడా ఆ రోజు పనిమనిషి కూతురు వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. ఇడ్లీ పెట్టాం. బడి మానకూడదని మంచి మాటలు కూడా చెప్పాం.

బుధవారం శ్రీలత, కొమురమ్మ మా అపార్ట్‌మెంట్‌కు వచ్చారు. అసోసియేషన్ అధ్యక్షులు మహేందర్ గారు వాళ్లను క్లబ్ హౌస్‌లో కూర్చోబెట్టి మాట్లాడారు. క్లబ్ హౌస్ కిటికీ సరిగ్గా బడి పడమర గోడ మీదికి తెరుచుకుంటుంది. శ్రీలత ట్యాబ్‌లోని సున్నాను ఆయనకు చూపించింది. మిగతాది కొమురమ్మే చెప్పింది.

"మేం బియ్యం అడుగుతలేం, పైసలు అడుగుతలేం సారూ. పొద్దున పదింటికి ఒక్క పది నిమిషాలు మీ వైఫైని మా గోడ మీదికి ఇడువుండ్రి. గంతే."

మహేందర్ గారు చాలా మర్యాదస్తులు. కాదనలేదు. మధ్యలో కాంపౌండు గోడ ఉందని, గోడ దాటిన విషయాల్లో అసోసియేషన్ నియమావళి తమ చేతులు కట్టేస్తుందని, అయినా అందరినీ అడిగి చెబుతానని పంపించారు. సాయంత్రం వాట్సాప్ గ్రూపులో విషయం పెట్టారు.

ఇంత మంచి చర్చ మా గ్రూపులో ఎప్పుడూ జరగలేదు. డిజిటల్ అంతరం మీద ఒక పెద్ద సదస్సులో మాట్లాడి వచ్చిన బి-704 వారు, ఆ అంతరం ఎంత లోతుగా ఉందో ఎనిమిది మెసేజీల్లో వివరించారు. పాస్‌వర్డ్ ఇస్తే పిల్లలు చెడ్డ వీడియోలు చూస్తారని ఒకరు, ఇవాళ వైఫై అడిగినవాళ్లు రేపు మంచినీళ్లు అడుగుతారని ఇంకొకరు అన్నారు. సమాచార భద్రత సంగతి సగం మంది ఎత్తారు. ఆ సగం మంది ఉద్యోగమూ అదే. చివరికి ఓటింగ్ పెడితే, సూత్రరీత్యా పిల్లల పక్షాన రెండు వందల పన్నెండు ఓట్లు వచ్చాయి. ఆచరణ సంగతి చూడటానికి ఉపసంఘం వేశాం. ఈలోగా మా వంతు సాయంగా పాత కీబోర్డులు ముప్పై ఒకటి, సిరా అయిపోయిన ప్రింటరు ఒకటి రాత్రికి రాత్రే సేకరించి, మర్నాడు పొద్దున బడి తెరవగానే ఇచ్చి ఫొటో దిగాం. ఆ రాత్రే ముందు జాగ్రత్తగా అందరం మా మా పాస్‌వర్డులు మార్చుకున్నాం.

గురువారం ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు శ్రీలత బీరువా తాళం తీసింది.

ఆమె ఎవరికీ ఉత్తరం రాయలేదు, ఎవరి అనుమతీ అడగలేదు. యంత్రాన్ని గ్లోబు పక్కనుంచి పైకి తీసింది. కొమురమ్మ అందుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని ఆఫీసు కిటికీ చువ్వలకు పిల్లలు ఎగిరే తాడుతో కట్టారు.

"ఇది పోతే నా పింఛను పోతది కొమురమ్మా," అంది శ్రీలత.

"పోదు. రాత్రి నేను ఈడనే కిటికీ కింద పండుకుంట," అంది కొమురమ్మ.

పదీ పన్నెండుకల్లా వచ్చిన వాళ్లందరి ముఖాలూ వెళ్లిపోయాయి. శుక్రవారం అంకె తొంభై. సోమవారం నూట పన్నెండు. ఆ సోమవారం కొమురమ్మ గుడ్లు పంచుతూ పాట పాడిందని మా పనిమనిషి చెప్పింది. ఈ కథ ఇక్కడితో సుఖాంతం కావలసింది.

కాకపోవడానికి కారణం బి-704 వారి నెట్ పోవడం. మరమ్మతు వాళ్లు రెండు రోజులు పడుతుందన్నారు. వారు ఫోన్‌లో వెతుకుతుంటే, అన్ని తాళాల మధ్య తాళం లేని పేరు ఒకటి కనబడింది: గగన విద్య. నొక్కారు. సదస్సులో చెప్పిన దానికంటే వేగంగా వచ్చింది. వారు మంచి మనసుతో గ్రూపులో పెట్టారు. వారం తిరగకుండా తూర్పు వైపు ఫ్లాట్లన్నీ, నెల తిరగకుండా పడమర వైపు ఫ్లాట్లలో సగం గగన విద్యలో చేరాయి. చాలామంది సొంత కనెక్షన్లు మానేశారు. మన పన్నులతో నడిచే పథకం మనం వాడకపోతే ఎవరు వాడతారని మహేందర్ గారు అడిగారు. ఈ ప్రశ్నకు ఉపసంఘం అవసరం పడలేదు.

ఇబ్బంది ఒక్కటే. సరిగ్గా ఉదయం పదింటికి మా ఇళ్లలో ఆఫీసు మీటింగులు మొదలవుతాయి. ఒకేసారి రెండు వందల మంది తెరల మీద ముఖాలు పెడతాం. ఆ వేళకు గోడ అవతల పిల్లల ముఖాలు బయల్దేరినా దారి దొరకడం లేదు. అంకె డెబ్బైకి, నలభైకి, చివరికి పంతొమ్మిదికి వచ్చింది. కొమురమ్మ పంతొమ్మిది మందికి వండి, పప్పులో నీళ్లు కలిపి, నూట పన్నెండు మందికి తలా ఒక గరిటె వేస్తోంది.

మొన్న శ్రీలతకు ఒకే రోజు రెండు ఉత్తరాలు వచ్చాయి, రెండింటి కిందా శ్రీనివాసులు గారి సంతకమే. పిల్లలు బడికి రావడం ఎందుకు మానేశారో, యంత్రాన్ని ఎందుకు కదిలించారో సంజాయిషీ ఇవ్వమని మొదటిది. రాళ్లకుంట విద్యార్థులు ఒక్క నెలలో వాడిన డేటా మరే బడీ వాడలేదని, ఇంతటి జ్ఞానతృష్ణకు మరో పురస్కారం ఇస్తున్నామని రెండోది. ఆ జ్ఞానంలో పాత సీరియళ్లు, షేర్ మార్కెట్టు, మా పిల్లల ఆటలు ఉన్నాయి. పురస్కారం మాత్రం బడికే ఇస్తారట. మాకు పేరు మీద ఆశ లేదు.

నిన్న ఉదయం కొమురమ్మ ఒక్కతే మా గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. మహేందర్ గారు కిందికి దిగి వెళ్లారు, మేం కొందరం వెంట ఉన్నాం. పదింటి నుంచి ఒక్క పది నిమిషాలు అందరం బడి వైఫైని వదిలేయాలని అడిగింది. మీటింగుల సంగతి మహేందర్ గారు ఓపికగా వివరించారు. ఆమె అంతా విని, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మేం అడిగిన్నాడు నడుమ గోడ ఉందంటిరి," అంది. "మీరు తీస్కునేటప్పుడు గా గోడ ఏడికి వొయింది సారూ?"

సమాధానం తయారుచేయడానికి ఉపసంఘం వేశాం. నివేదిక వచ్చే నెలలో వస్తుంది.

అంతవరకూ మీకొక మనవి. మీరు రాళ్లకుంటలో ఉండకపోవచ్చు. కానీ మీ ఇంటి పక్కన కూడా బ్రోచర్‌లో ఖాళీ అని వేసిన చోటు ఒకటి ఉండే ఉంటుంది. ఇది ఫోన్‌లో చదువుతున్నట్లయితే, అది ఎవరి వైఫై మీద వచ్చిందో ఒకసారి చూసుకోండి, టైము కూడా చూసుకోండి. పది కావస్తుంటే ఇక్కడ ఆపేయండి. కొమురమ్మ ఎసరు పెట్టి కూర్చుంది. ఎన్ని బియ్యం పోయాలో ఇంకా తెలియలేదు.